తొమ్మిదో పేరు

పాత పేపర్లు కొనే కొట్లో, తాడు కట్టిన కట్టల మధ్య ఆ పుస్తకం కనబడగానే చంద్రిక దాన్ని చూసీచూడనట్టు రెండు వారపత్రికల కింద పెట్టి తెచ్చేసుకుంది. ఎక్కువ ఆసక్తి చూపిస్తే కొట్టువాడు ఇవ్వడేమోనని భయం. కార్మిక సంఘం వాళ్ళు యాభై ఏళ్ళ కిందట అచ్చువేసుకున్న సంచిక అది. అట్ట లేదు. మొదటి పేజీలను చెదలు సగం దాకా తినేశాయి. ముప్ఫైరెండో పేజీ మాత్రం చెక్కుచెదరలేదు. 'విల్కాక్స్ షాఫ్టులో అసువులు బాసిన సోదరులు' అన్న శీర్షిక, దాని కింద తొమ్మిది పేర్లు, తండ్రుల పేర్లతో, టోకెన్ నంబర్లతో సహా ఉన్నాయి.

మూడు వారాలుగా ఆమె వెతుకుతున్నది ఆ పేర్ల కోసమే.

ఎవరైనా రాయగలిగిన, ఎవరైనా దిద్దగలిగిన తెలుగు ఆన్‌లైన్ విజ్ఞాన సర్వస్వంలో చంద్రిక నాలుగేళ్ళుగా రాస్తోంది. జీతం లేదు, సన్మానం లేదు. ఆమె పని వైట్‌ఫీల్డు దగ్గర బట్టల ఫ్యాక్టరీలో. కుట్టిన చొక్కాల కాలర్లు తిప్పి చూసి, దారాలు కత్తిరించి, కుట్టు తప్పినవాటికి ఎర్ర స్టిక్కరు అంటించడం. పొద్దున మారికుప్పం నుంచి బయల్దేరే రైల్లో, సాయంత్రం తిరుగు రైల్లో, సీటు దొరికితే కూర్చుని, దొరక్కపోతే తలుపు పక్కన ఒరిగి, ఫోను మీద ఒక్క బొటనవేలితోనే వ్యాసాలు రాసేది. తమ కోలారు బంగారు గనుల ఊరు కేజీఎఫ్ గురించి తెలుగులో నాలుగే వాక్యాలుండటం చూసి మొదలుపెట్టిన పని. ఇప్పుడు గని కూలీల ఇళ్ళ వరసలైన లైన్లన్నిటికీ, మూతబడ్డ గని షాఫ్టులన్నిటికీ వ్యాసాలున్నాయి.

విల్కాక్స్ షాఫ్టు ప్రమాదం మీద ఆమె రాసిన దాని నెత్తిన మాత్రం 'ఈ వ్యాసంలో మూలాలు లేవు' అన్న పట్టీ వేలాడుతోంది. వేసినవాడు శ్రీనివాసమూర్తి. గౌనిపల్లిలో రిటైరైన హెడ్మాస్టరు, ఆ సర్వస్వంలో నిర్వాహకుల్లో ఒకడు. చంద్రిక ఆయన ముఖం చూడలేదు. చర్చా పేజీల్లోనే నాలుగేళ్ళ పరిచయం. మొదట్లో ఆమె ఒత్తులు దిద్దింది ఆయనే. ఆయన చెయ్యి పడిన వ్యాసంలో మూలం లేని వాక్యం ఒక్కటీ మిగలదు.

ఆ ఆదివారం మధ్యాహ్నం పుస్తకం పట్టుకుని చంద్రిక పక్కింటి చిన్నక్క దగ్గరికి వెళ్ళి కూర్చుంది. తన ఇంట్లో సిగ్నలు వస్తూ పోతూ ఉంటుంది. చిన్నక్క గడపలో బాగా వస్తుంది. డెబ్భైఆరేళ్ళ మనిషి చిన్నక్క. చేటలో రాగులు పోసుకుని రాళ్ళు ఏరుతోంది. చంద్రిక ఒక్కో పేరూ పైకి చదువుతూ ఫోనులో కొడుతోంది. ఒకటి, రెండు, మూడు. ఎనిమిదో పేరు కూడా అయ్యింది.

"మారప్ప, తండ్రి ఆంజనప్ప, టోకెన్ నంబరు నాలుగువేల నూటపదిహేడు" అని చదివేసి, నాలుక కరుచుకుంది.

మారప్ప చిన్నక్క భర్త. గనిలో చచ్చిపోయాడని లైన్లో అందరికీ తెలుసు. ఆ తర్వాత ఆమె మరిది మునిశంకర్‌తో కాపురం చేసిందనీ, కొడుకు ఆయనకే పుట్టాడనీ కూడా తెలుసు. ఆ మునిశంకర్ పోయి తొమ్మిదేళ్ళు. కుళాయి దగ్గర ఆడవాళ్ళకు తగువు వస్తే ఇప్పటికీ ఆ మాట చిన్నక్క మీదికి విసురుతారు.

"మర్చిపోయినా అవ్వా. ఏమీ అనుకోవద్దు" అంది చంద్రిక.

చిన్నక్క చేట కుదిపింది. ఒక రాయి ఏరి గడప అవతలికి వేసింది.

"మారప్ప సావలేదు పాపా" అంది.

చంద్రికకు అర్థం కాలేదు. ముసలామెకు మతి తప్పుతోందేమో అనుకుంది.

"ఆ దినం మా ఆయనకి జొరం. లేచి నిలబడితే పడిపోతా ఉండె. అప్పుటికే ఆ నెల్లో మూడు నాగాలు. ఇంగొకటైతే పేరు కొట్టేస్తామని టైమాఫీసోడు చెప్పినాడు. పేరు కొట్టేస్తే ఇల్లు యాడ? మా మరిది మునిశంకరు ఊర్నించి వచ్చి పది దినాలు. పంతొమ్మిదేళ్ళోడు. పని యాడన్నా దొరుకుతాదని వచ్చినోడు. 'నేను పోతా వదినా, టోకెన్ ఈ' అన్నాడు. అన్నదమ్ములు ఇద్దరూ ఒకే పోలిక. గనిలోకి దించే కేజు కాడ టోకెనే చూస్తారు, ముకం యాడ చూస్తారు?"

ఆమె చేతులు ఆగలేదు. రాగుల్లో రాళ్ళు లేకపోయినా వేళ్ళతో కెలుకుతూనే ఉంది.

"పదిగంటలకి లోపల బండ పగిలి బరస్టు అయ్యె. గోడలన్నీ అదిరినాయి. మర్నాడు పీనిగల్ని పైకి తెచ్చినారు. మా వానికి ముకం లేదు పాపా. టోకెన్ ఉండె. టోకెన్ చూసి 'మారప్ప పెండ్లాం ఎవరు' అని పిలిచినారు."

"మీరు చెప్పలేదా అవ్వా?"

"ఏమని చెప్పేది? వేరేవాడికి టోకెన్ ఇచ్చినాడని తెలిస్తే ఉద్యోగం పోతాది, ఇల్లు పోతాది, జైలంటారు. సచ్చినోడు లెక్కలో లేనోడు. వానికీ ఏం రాదు, మాకూ ఏం రాదు. మా ఆయన లోపల దుప్పటి కప్పుకోని ఉండాడు, జొరంతో వణుకుతా. నేను పోయి బొట్టు తుడుపుకున్నా."

దూరంగా ఎవరో బిందె కింద పెట్టిన చప్పుడైంది. చిన్నక్క గొంతు తగ్గించింది.

"మా అత్త ఊర్నించి వచ్చింది. పీనిగ మీద గుడ్డ తీసి కాళ్ళు చూసింది. కన్నతల్లి గదా, ఏ బిడ్డ కాళ్ళో తెలీదా? చూసింది. నా పక్క తిరిగి ఒక్కసారి చూసింది. మళ్ళా గుడ్డ కప్పి, 'అయ్యో మారప్పా, పెద్దోడా' అని ఏడిసింది. తెలిసే పెద్దోడి పేరు పెట్టి ఏడిసింది."

చంద్రిక ఫోను తెర ఎప్పుడో ఆరిపోయింది.

"అప్పుట్నించీ మా ఆయన మునిశంకరు అయిపోయె. రాళ్ళు కొట్టినాడు, గోడలు కట్టినాడు. సచ్చేదాకా తమ్ముడి పేరుతోనే పలికినాడు. సచ్చినాక కాగితంలో కూడా మునిశంకరనే రాసినారు. ఇంగ ఆ పిల్లోడు యాడా లేడు పాపా. వాని పేరు కూడా మేమే వాడేసుకుంటిమి." చేట పక్కన పెట్టి చిన్నక్క ఫోను వైపు చెయ్యి చాపింది. "నువ్వు రాస్తా ఉండావే, అందులో వాని పేరు రాయి. నేను కండ్లు మూసేలోగా యాడో ఒక తావ ఉండనీ."

* * *

సోమవారం రైలు కోరమాండల్ స్టేషను దాటేలోగా చంద్రిక రాసేసింది. తొమ్మిదో పేరు దగ్గర మారప్పను తీసి, 'మునిశంకర్ (19). అన్న మారప్ప టోకెన్‌తో గనిలోకి దిగాడు. రికార్డుల్లో అన్న పేరే నమోదైంది' అని పెట్టింది. బంగారుపేట వచ్చేదాకా ఆ వాక్యాన్నే చూస్తూ కూర్చుంది.

మధ్యాహ్నం క్యాంటీనులో చూసేసరికి ఆ వాక్యం లేదు. మళ్ళీ మారప్ప వచ్చాడు. మార్పుల చరిత్రలో శ్రీనివాసమూర్తి పేరు, పక్కన కారణం: 'ఇచ్చిన మూలంలో ఇలా లేదు.'

చంద్రిక ముద్ద నోట్లో పెట్టుకోకుండానే మళ్ళీ రాసింది. మంగళవారం పొద్దున అది మళ్ళీ పోయింది. ఈసారి చర్చా పేజీలో ఉత్తరం కూడా ఉంది.

'చంద్రిక గారూ, మీ కృషి మీద నాకు గౌరవం ఉంది. సంచిక సంపాదించడం సామాన్యమైన పని కాదు. కానీ ఆ సంచికలో ఉన్నది మారప్ప పేరు. మీరు రాసినదానికి ఆధారం ఏమిటో తెలియజేయగలరు. - శ్రీనివాసమూర్తి'

ఆమె రైల్లో నిలబడి ఒక చేత్తో కమ్మీ పట్టుకుని జవాబు కొట్టింది. 'సార్, ఆధారం ఆయన వదిన. ఆమె కళ్ళతో చూసింది.'

'వ్యక్తులు నోటితో చెప్పినది మూలం కాదని మీకు తెలుసు. మీరే ఇతరులకు చెప్పి ఉన్నారు.'

నిజమే, చెప్పింది. ముళబాగిలు కుర్రవాడొకడు కురుడుమలె గుడి వ్యాసంలో వాళ్ళ తాత చెప్పిన కథ ఎక్కిస్తే, చంద్రికే తీసేసి, నిబంధన పేజీకి లంకె ఇచ్చింది. ఆ సంగతి గుర్తొచ్చింది. అయినా తగ్గలేదు.

'కంపెనీ కాగితమూ, సంఘం కాగితమూ రెండూ టోకెన్ చూసి రాసినవే సార్. టోకెన్ చచ్చిపోతుందా? మనిషి గదా చచ్చిపోయేది? అచ్చులో ఉంటే అబద్ధం కూడా నిజమేనా?'

గంట దాకా జవాబు రాలేదు. తర్వాత వచ్చింది.

'నిజం ఏదో తేల్చడం మన పని కాదమ్మా. అచ్చయినది ఏదో చెప్పడం వరకే మన పని. ఆ గీత దాటితే ఎవరి కథ వారు రాస్తారు. అప్పుడు అబద్ధాన్ని ఆపేవాడు ఉండడు.' కింద ఇంకొక వాక్యం విడిగా ఉంది. 'ఆ పెద్దామెతో నేను ఒకసారి మాట్లాడవచ్చునా?'

ఇన్నేళ్ళలో ఆయన 'గారూ' వదిలి 'అమ్మా' అనడం అదే మొదలు.

గురువారం ఫ్యాక్టరీకి సెలవు. పదకొండు గంటలకు శ్రీనివాసమూర్తి వచ్చాడు. గౌనిపల్లి నుంచి శ్రీనివాసపురం, అక్కడి నుంచి కోలారు, కోలారు నుంచి ఇక్కడికి, మూడు బస్సులు మారాడు. పొట్టిగా, బక్కగా ఉన్నాడు. తెల్ల పంచె, భుజాన గుడ్డసంచి. సంచిలో నోటు పుస్తకం, మందుల డబ్బా, తోటలో కాసిన నాలుగు సీతాఫలాలు. చర్చా పేజీల్లో రాసే భాషకూ నోటి భాషకూ సంబంధం లేదు.

"నువ్వేనా చంద్రికమ్మ! ఇంగా పెద్దామె అనుకుంటినే" అంటూ చెప్పులు విడిచాడు.

చిన్నక్క ఇల్లు ఒకటే గది, వెనక వంటకు చాపంత చోటు. ఆయన్ను మంచం మీద కూర్చోమంటే కింద చాప మీదే కూర్చున్నాడు. ఫోను మధ్యలో పెట్టి, "మాట్లాడేది దీంట్లో పడతాది, సరేనామ్మా?" అని అడిగి మొదలుపెట్టాడు. పంతులు లెక్క తప్పు పట్టుకునేటప్పుడు అడిగినట్టు అడిగాడు. ఏ షిఫ్టు? ఆ దినం ఏ వారం? మరిది ఊరేది? కుప్పం దగ్గర ఏ పల్లె? అక్కడ ఎవరైనా ఉన్నారా? బడిలో చేరినాడా? ఉత్తరం ముక్కయినా ఉందా? ఫోటో? చిన్నక్క తెలిసినది చెప్పింది. తెలియనిది తెలియదంది. ఫోటో లేదు. ఉత్తరం లేదు. ఊళ్ళో ఇల్లు కూలిపోయి ఇరవై ఏళ్ళు. బడి మొగమే చూడలేదు వాడు.

ఆయన పెన్ను మూత పెట్టేశాడు.

"ఎట్లుండేవాడు ఆ పిల్లోడు?" అని అడిగాడు. అది నోటు పుస్తకంలో రాసుకోవడానికి అడిగింది కాదు.

చిన్నక్క మొదటిసారి నవ్వినట్టు నోరు తెరిచింది. "కాళ్ళు చిన్నవి సామీ, ఆడపిల్ల కాళ్ళు ఉన్నట్టుండె. అన్న బూట్లు వాని కాళ్ళకి నిలిచేవి కావు. నా పాత చీర చించి ముందర కుక్కినా. 'ఇప్పుడు చాలా వదినా, ఇంగ ఊడదులే' అని ఎగిరి చూపించినాడు. ఈడనే, ఈ తావనే ఎగిరినాడు." చాప అవతలి నేలను అరచేత్తో తట్టింది. "పైకి తెచ్చినప్పుడు ఒక బూటు కాలికే ఉండె. గుడ్డ ఉండె దాంట్లో. నా చీరె అంచు తెలుస్తా ఉండె."

శ్రీనివాసమూర్తి కళ్ళద్దాలు తీసి పంచె కొంగుతో తుడిచాడు. తుడుస్తూనే ఉన్నాడు.

బస్టాండు దాకా చంద్రిక తోడు వెళ్ళింది. బస్సు ఎక్కబోతూ ఆయన, "ఆమె చెప్పింది నిజమే అమ్మా. నలభై ఏండ్లు పిల్లోళ్ళ అబద్ధాలు విన్న చెవులివి" అన్నాడు. "నిజమే. మూలం మాత్రం కాదు."

* * *

శుక్రవారం సాయంత్రం ఆరున్నర రైలు దిగేసరికి స్టేషను మెట్ల దగ్గర ఆంజనప్ప నిలబడి ఉన్నాడు. చిన్నక్క కొడుకు, తాత పేరు పెట్టుకున్నవాడు. యాభై దాటాడు, వేమగల్ ఫ్యాక్టరీలో కాపలా ఉద్యోగం. నీలం యూనిఫారం మీదే వచ్చేశాడు. చంద్రికను పలకరించలేదు. ఫోను తీసి ముఖం ముందు పెట్టాడు.

లైను వాళ్ళ వాట్సాప్ గ్రూపు అది. సోమవారం పొద్దున అరపూట నిలిచిన ఆ వాక్యానికి ఎవరో తెర ఫోటో తీసి గ్రూపులో పెట్టారు. కింద మాటలు. 'ఇన్నాళ్ళూ కంపెనీని మోసం చేసి ఇల్లు తిన్నారు.' 'బతికినోడిని చంపి ఇల్లు కొట్టేసినారు.' ఎవరో నవ్వే బొమ్మలు పెట్టారు. లైను ఇళ్ళకు హక్కుపత్రాలు ఇచ్చే పని నడుస్తోంది. అది ఎప్పుడు ఆగిపోతుందో అని అందరికీ గుబులు, పక్కింటికి ముందు వస్తుందేమో అని అందరికీ దుగ్ధ. చిన్నక్క ఇల్లు గనిలో చచ్చిన మారప్ప భార్యగా ఆమె పేరు మీద ఉంది. ఆ ఫోటోను ఎవరో ఒక అర్జీకి గుచ్చి హక్కుపత్రాల ఆఫీసులో ఇచ్చారు.

"రేపు పది గంటలకి విచారణకి వస్తా ఉండారంట" అన్నాడు ఆంజనప్ప.

"ఆ పేజీలో ఇప్పుడు లేదు అన్నా. అప్పుడే తీసేసినారు" అంది చంద్రిక.

"పేజీలో లేదు. ఫోటోలో ఉండాదే?"

దిగినవాళ్ళంతా పక్కనుంచి వెళ్ళిపోతున్నారు. ఇద్దరు ముగ్గురు తలలు తిప్పి చూశారు.

"నాకు తెలుసు చంద్రిక" అన్నాడు ఆంజనప్ప నెమ్మదిగా. "మా నాయన పోయే ముందర చెప్పినాడు. బడిలో నన్ను ఏమని పిలిచేవాళ్ళో నీకు తెలీదు. ముండమోపి కొడుకా అనేవాళ్ళు. మా నాయన మా అమ్మ మొగుడే అని ఒక్క మాట చెప్పుకుంటే సాలు, నోళ్ళు మూతపడతాయి. యాభై ఏండ్లు చెప్పుకోలేదు. ఎందుకు? ఆ ఇల్లు పోతాదని. నువ్వు ఒక్క దినంలో చెప్పేసినావు."

కోపంగా అని ఉంటే ఆమెకు నయంగా ఉండేది. అలసిపోయినవాడిలా అన్నాడు. టోపీ చంకలో పెట్టుకుని నడిచి వెళ్ళిపోయాడు.

శనివారం చంద్రిక పనికి వెళ్ళలేదు. పది గంటలకు రావాల్సిన రామకృష్ణప్ప పదకొండున్నరకు వచ్చాడు. ఆఫీసులో విచారణలు చూసే ఆయన చెడ్డవాడేమీ కాదు. ఎండకు చెమటలు కారుతుంటే కర్చీఫ్ మెడకు చుట్టుకున్నాడు. చంకలో అట్టల ఫైలు. చిన్నక్క గడప ముందు ఎవరో కుర్చీ వేశారు. లైనంతా అక్కడే ఉంది. కుళాయి వస్తున్న వేళ, అయినా బిందెలు బారులు తీరి ఉండిపోయాయి గాని పట్టుకునే దిక్కు లేదు.

రామకృష్ణప్ప ముందు చంద్రికను పిలిచాడు. ఫోటో కాగితం చూపించాడు. "ఇది బరెదోళ్ళు, రాసినోళ్ళు, నువ్వేనేమ్మా?"

"నేనే సార్."

"ఏ ఆధారం మీద రాసినావు? దాఖలె ఏమైనా ఉండాదా?"

చంద్రిక చిన్నక్క వైపు చూసింది. చిన్నక్క ఆమె వైపు చూడలేదు. గడప మీద కూర్చుని రెండు మోకాళ్ళూ చేతులతో చుట్టుకుని నేల చూస్తోంది. ఆంజనప్ప తలుపు రెక్కకు ఆనుకుని ఉన్నాడు.

మూడేళ్ళుగా ఇతరులకు చెబుతూ వచ్చిన మాట చంద్రిక నోట్లోంచి తేలిగ్గానే వచ్చింది. "ఆధారం లేదు సార్. ఎవరో అన్నది పొరపాటుగా రాసినా. అందుకే తీసేసినారు."

"ఎవరు అన్నది?"

"ఎవరో... రైల్లో ఎవరో."

రామకృష్ణప్ప ఆమె ముఖంలోకి కాసేపు చూశాడు. కాగితం మీద ఏదో రాసుకున్నాడు. కుర్చీని చిన్నక్క వైపు తిప్పుకున్నాడు.

"అమ్మా, నువ్వు చెప్పాల. గనిలో సచ్చిపోయింది ఎవురు?"

చిన్నక్క లేచి నిలబడింది. గడప పట్టుకుని, నడుము నిటారుగా చేసుకుని. ఆమె గొంతు అంత పెద్దగా రావడం చంద్రిక ఎప్పుడూ వినలేదు. గుంపులో చివరి మనిషికి కూడా వినబడింది.

"సచ్చినోడు నా మొగుడు మారప్ప సామీ. టోకెన్ చూసి నేనే గుర్తు పట్టినా. మునిశంకరు నా మరిది. మొగుడు పోయినాక నేను మరిదితో కాపరం చేసినా. ఎవురు బలవంతం చేయలేదు, నేనే చేసినా. ఈ బిడ్డ మరిదికి పుట్టినోడు. రాసుకోండి."

గుంపులో ఎవరో ఆడమనిషి నాలుక చప్పరించింది. ఎవరో కిసుక్కుమన్నారు. చిన్నక్క అటు తిరిగి ఆ ముఖాలను ఒక్కొక్కటే చూసింది. నవ్వు ఆగిపోయింది. ఆంజనప్ప కళ్ళు మూసుకున్నాడు.

రామకృష్ణప్ప రాసింది పైకి చదివాడు. 'నా భర్త అయిన మారప్ప విల్కాక్స్ షాఫ్టు ప్రమాదంలో మరణించినది వాస్తవము. దీనికి విరుద్ధముగా వచ్చినదంతయు అబద్ధము.' కన్నడంలో రాసి, తెలుగులో చెప్పాడు. సిరా డబ్బీ తెరిచాడు. చిన్నక్క ఎడమ చెయ్యి చాపింది. ఆయన ఆ బొటనవేలు పట్టుకుని సిరాలో అద్ది, కాగితం మీద అటూ ఇటూ దొర్లించాడు. ఇద్దరు సాక్షుల సంతకాలు కావాలన్నాడు. ఒకటి వీధి చివర ఉండే దొడ్డమునియప్ప పెట్టాడు. రెండోదానికి ఎవరూ ముందుకు రాలేదు. చంద్రిక వెళ్ళి పెన్ను తీసుకుంది. తెలుగులో, పొల్లు పోకుండా, తన పేరు పూర్తిగా రాసింది.

"ఇంగ ఏం ఇబ్బంది లేదు. ఫైలు ముందుకి పోతాది" అని రామకృష్ణప్ప అట్టలు మూశాడు.

* * *

ఆదివారం పొద్దున ఎనిమిదింటికి చంద్రిక ఆ పేజీ తెరిచింది. ఎందుకు తెరిచిందో ఆమెకే తెలియదు.

తొమ్మిదో పేరు దగ్గర మునిశంకర్ ఉన్నాడు.

శనివారం రాసినవాడు శ్రీనివాసమూర్తి. కింద వివరణ: 'మృతుని వదిన స్వయంగా చెప్పగా విన్నాను. అచ్చు మూలం లేదు. నిబంధన ప్రకారం ఇది ఉండకూడదని నాకు తెలుసు. దీనికి బాధ్యత నాది. తొలగించదలచినవారు ముందుగా నాతో చర్చించగలరు.' ఆయన పన్నెండేళ్ళలో చేసిన వేల దిద్దుబాట్లలో అలాంటిది ఇంకొక్కటి కూడా ఉండదని చంద్రికకు తెలుసు. పల్లె పేరు, వయసు అన్నీ పొందిగ్గా రాశాడు. బూట్ల సంగతి మాత్రం రాయలేదు.

ఆమె ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివింది. తర్వాత దాన్ని తీసేసింది. మారప్ప పేరు, టోకెన్ నంబరు తిరిగి పెట్టింది. కారణం రాసే గళ్ళో బొటనవేలు చాలాసేపు ఊరికే నిలిచింది. 'మూలంలో ఉన్న ప్రకారం సరిదిద్దాను' అని కొట్టి, భద్రపరచు నొక్కింది.

పది నిమిషాలు కాకముందే ఫోను మోగింది.

"ఏమ్మా చంద్రికమ్మా, నువ్వు తీసేసినావా?" శ్రీనివాసమూర్తి గొంతులో కోపం లేదు, అయోమయం ఉంది. "నేను మొన్న రాత్రంతా ఆలోచించి పెడితినే. ఇంగెవరన్నా అడిగితే నేను చెప్పుకుంటా. నువ్వు భయపడొద్దు."

"మూలం దొరికింది సార్" అంది చంద్రిక.

"దొరికిందా? యాడ?"

"నిన్న. ఆఫీసు వాళ్ళ విచారణ కాగితం. సాక్షుల సంతకాలతో ఉండాది."

"ఏమని ఉండాది?"

"మారప్పే చచ్చినాడని. చిన్నక్క వేలిముద్ర ఉండాది. సాక్షి సంతకం నాది."

అవతల ఎక్కడో గేదె అరిచింది.

"ఇంటి కోసమా అమ్మా?" అని అడిగాడు చివరికి.

"ఇంటి కోసమే సార్. నేను రాసినందుకే విచారణ వచ్చింది."

ఆయన ఏదో అనబోయి దగ్గాడు. "సరేమ్మా" అన్నాడు. "సరే. పేజీకి తాళం వేస్తా. ఇంగ ఎవరూ మార్చకుండా." ఫోను పెట్టేశాడు. కాసేపటికి పేజీ నెత్తిన చిన్న తాళం గుర్తు వచ్చింది.

ఎండ గోడ దిగుతుండగా చిన్నక్క వచ్చి చంద్రిక గడపలో కూర్చుంది. బొటనవేలికి సిరా ఇంకా పూర్తిగా పోలేదు.

"తీసేసినావా పాపా?"

"తీసేసినా అవ్వా."

"మళ్ళా రాసేదానికి లేదా?"

"లేదు."

చిన్నక్క తల ఊపింది. "మంచిది" అంది. తర్వాత, "యాడ ఉండె అది? చూపించు" అంది.

ఆమెకు చదువు రాదు. చంద్రిక ఫోను తెరిచి, జాబితాలో చివరి వరస చూపించింది. "ఇదో, ఈ తావ."

చిన్నక్క ముందుకు వంగింది. ఆ వరస మీద ఎంతో మెల్లిగా, పసిబిడ్డ నుదురు తాకినట్టు, వేలు పెట్టింది. వేలు తగలగానే పేజీ పైకి జారిపోయింది. పేర్లన్నీ పైకి వెళ్ళిపోయి తెర అంతా తెల్లగా మిగిలింది.

"పోయె" అంది చిన్నక్క. చెయ్యి వెనక్కి తీసుకుని కొంగులో దాచుకుంది.